రంగు మారితే జబ్బు పెరిగినట్టేనా? ఓసీటీ రిపోర్టులతో గ్లకోమాను ఏటేటా గమనించడం ఎలా

"పోయినేడాది పచ్చగా ఉంది, ఈసారి ఎర్రగా వచ్చింది. గ్లకోమా పెరిగిపోయిందా?" ఓసీటీ (కంటి వెనక పొరల మందం కొలిచే స్కాన్) గదిలో పనిచేసే నాలాంటి ఆప్టోమెట్రిస్టులకు ఈ ప్రశ్న తరచూ ఎదురవుతుంది. ఫోన్‌లో రిపోర్ట్ ఫొటో పెట్టి "ఒక్కసారి చూసి చెప్పండి" అనేవాళ్లూ ఎక్కువే. ఒక్క రిపోర్ట్ చూసి ఆ మాట ఎవరూ చెప్పలేరు, డాక్టర్ కూడా చెప్పలేరు. కనీసం మూడు నాలుగు మంచి స్కాన్లు పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ పని మీరు ఇంట్లో కూర్చుని ఎలా చేసుకోవచ్చో, జనం ఎక్కడెక్కడ పొరబడుతుంటారో చెప్తాను.

ఇది గ్లకోమా ఉందని ఇప్పటికే తేలినవాళ్లకు, "అనుమానం ఉంది, గమనిద్దాం" అని డాక్టర్ చెప్పినవాళ్లకు, వాళ్ల ఫైల్ మోసే పిల్లలకు. ఇది చదివి చుక్కల మందు మీరే మార్చుకోకండి. డాక్టర్ ముందు కూర్చున్న ఆ పది నిమిషాల్లో సరైన ప్రశ్న అడగగలిగితే చాలు.

థియరీ కొంచెమే. గ్లకోమాలో, మన పెద్దవాళ్లు నీటికాసులు అనే ఈ జబ్బులో, కంటి నుంచి మెదడుకు వెళ్లే నరంలోని పోగులు మెల్లమెల్లగా చచ్చిపోతాయి. ఒక్కో కంటికి అవి సుమారు 10 లక్షలు. పోయినవి తిరిగి రావు. ఓసీటీ మెషిన్ వెలుతురు పంపి, నరం చుట్టూ ఆ పోగుల పొర ఎన్ని మైక్రాన్ల మందం ఉందో కొలుస్తుంది. రిపోర్ట్‌లో ఆర్‌ఎన్‌ఎఫ్‌ఎల్ అని ఉండేది ఆ పొరే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఇంత చిన్న కొలతలో చిన్న పొరపాటు కూడా పెద్ద జబ్బులా కనిపిస్తుందని గుర్తుంచుకుంటే మిగతాదంతా తేలిక.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- పాత ఓసీటీ రిపోర్టులన్నీ. కలర్ ప్రింట్ గానీ, పీడీఎఫ్ గానీ. నలుపు తెలుపు జిరాక్స్‌లో మ్యాపులు మసిబారిపోతాయి, దాంతో పని జరగదు.
- ఫీల్డ్ టెస్ట్ రిపోర్టులు. గిన్నెలాంటి మెషిన్‌లోకి చూస్తూ చుక్క వెలిగినప్పుడల్లా బటన్ నొక్కుతారే, ఆ టెస్ట్.
- నరం ఫొటో, అంటే ఫండస్ ఫొటో, ఒక్కటైనా.
- కంటి ప్రెషర్ రాసిన ఓపీ కాగితాలు. కార్నియా (కంటి ముందున్న పారదర్శక పొర) మందం కొలిచి ఉంటే అది కూడా.
- చుక్కలు మొదలుపెట్టిన, మార్చిన తేదీలు. లేజర్, ఆపరేషన్ అయి ఉంటే వాటి తేదీలు.
- ఒక నోట్‌బుక్, లేదంటే ఫోన్‌లో ఎక్సెల్.

రిపోర్ట్ పీడీఎఫ్ కావాలని స్కాన్ తీసిన రోజే అడగండి. వాట్సాప్‌లో పంపమంటే ఫొటోగా వద్దు, డాక్యుమెంట్‌గా పంపమనండి. ఫొటో కుంచించుకుపోయి 8 ఏదో 6 ఏదో తెలియకుండా పోతుంది.

1. మెషిన్ ఒకటేనా చూడండి

అన్నిటికన్నా ముందు ఇది. రిపోర్ట్ మూలన మెషిన్ పేరు ఉంటుంది: సిరస్, స్పెక్ట్రాలిస్, టాప్‌కాన్, ఇంకోటేదో. ఒకే రోజు ఒకే కంటిని రెండు కంపెనీల మెషిన్ల మీద తీసినా కొలత తేడాగా వస్తుంది. పొర ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్నది ఒక్కో మెషిన్ ఒక్కోలా లెక్క కడుతుంది. ఒక కొట్టు కాటా మీద పోయిన నెల తూగి, ఇంకో కొట్టు కాటా మీద ఈ నెల తూగి "రెండు కిలోలు తగ్గాను" అనుకోవడం ఎలాంటిదో ఇదీ అంతే.

కాబట్టి కూకట్‌పల్లి నుంచి ఎల్బీనగర్‌కు ఇల్లు మారినా ఏడాదికి ఒకటి రెండుసార్లు మెట్రో ఎక్కి పాత సెంటర్‌కే వెళ్లడం నయం. రెండూ ఒకే లైన్ మీద ఉన్నాయి కూడా. కుదరదంటే కొత్త చోట రెండు స్కాన్లు తీయించుకుని, అక్కడి నుంచి కొత్త లెక్క మొదలుపెట్టండి. పాత మెషిన్ అంకెలు, కొత్త మెషిన్ అంకెలు ఒకే వరుసలో రాయొద్దు. అలాగని పాతవి పారేయొద్దు. కొత్త డాక్టర్‌కు అవి ఎంతో పనికొస్తాయి.

2. పేరు, పుట్టిన తేదీ, ఎంఆర్ నంబర్ (ఆసుపత్రి మీకిచ్చే రికార్డు నంబర్) సరిచూడండి

చాలామంది పట్టించుకోని సంగతి ఇది. మెషిన్ మీ పాత స్కాన్లను వెతికి కొత్తదానితో పోల్చాలంటే మీ ఐడీ ఒకటే ఉండాలి. కార్డ్ మర్చిపోయి వచ్చి, కౌంటర్‌లో కొత్త రిజిస్ట్రేషన్ చేయించుకున్నారనుకోండి. ఒకసారి శ్రీనివాసరావు, మరోసారి కె. శ్రీనివాస్ రావు అయిపోతారు. మెషిన్ దృష్టిలో ఇద్దరు మనుషులు. నాలుగేళ్ల స్కాన్లు లోపలే ఉన్నా, వాటిని వరుసగా పోల్చి చూపే ప్రోగ్రెషన్ పేజీ రాదు.

పుట్టిన తేదీతో ఇంకో చిక్కు. మెషిన్ మిమ్మల్ని మీ వయసు ఆరోగ్యవంతులతో పోల్చి రంగు వేస్తుంది. మన పెద్దవాళ్లలో చాలామందికి ఆధార్‌లో జనవరి 1 అనే ఉంటుంది, సంవత్సరం కూడా ఉజ్జాయింపే. 70 ఏళ్ల మనిషిని 60 అని ఎక్కిస్తే పచ్చ రావాల్సిన చోట పసుపు రావచ్చు. అసలు వయసు తెలిస్తే స్కాన్‌కు ముందే చెప్పండి. ఒకసారి ఎక్కించాక మాత్రం ప్రతిసారీ అదే ఉంచండి.

3. స్కాన్ రోజు ఇలా చేయండి

ఓసీటీ చేసేవాళ్ల చేతిలో సగం ఉంటే, గడ్డం పెట్టి కూర్చున్న మీ చేతిలో మిగతా సగం ఉంటుంది.

ఫీల్డ్ టెస్ట్, ఓసీటీ ఒకే రోజు ఉంటే ఫీల్డ్ ముందు చేయించుకోండి. మనిషి అలిసిపోయాక బటన్ సరిగా నొక్కలేడు. కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేశాక ఫీల్డ్ చేస్తే ఫలితం మారిపోతుంది. పసుపు రంగు మందు వేసి, కంటికి తాకించి ప్రెషర్ చూసే పరీక్ష ఓసీటీ తర్వాత పెట్టమనండి. ఆ తాకిడికి కంటి పైపొర కాస్త చెదిరి స్కాన్ మసకగా రావచ్చు.

ఏసీ హాల్లో గంటసేపు ఫోన్ చూస్తూ కూర్చుంటే కన్ను ఆరిపోతుంది. కన్ను ఆరితే సిగ్నల్ పడిపోతుంది. పిలిచే ముందు రెండు మూడు సార్లు గట్టిగా రెప్ప వేయండి. కన్ను బాగా పొడిబారే మనిషైతే ఒక చుక్క ఆర్టిఫిషియల్ టియర్స్ వేయమని అడగండి. లోపల లైటు మీదే చూపు నిలపండి. స్కాన్ మధ్యలో రెప్ప పడితే సిగ్గుపడకుండా చెప్పండి. మళ్లీ తీయడానికి నిమిషం కూడా పట్టదు. చెప్పకపోతే ఆ రెప్పపాటు ఏడాది పాటు మీ ఫైల్‌లో ఉండిపోతుంది.

పాప పెద్దది చేశారంటే బండి నడుపుకుంటూ ఇంటికి వెళ్లొద్దు. ఎవరినైనా వెంట తెచ్చుకోండి, లేదంటే ఆటో ఎక్కండి.

4. అంకెలు చూసే ముందు స్కాన్ పనికొస్తుందా చూడండి

సిరస్ రిపోర్ట్ పైన సిగ్నల్ స్ట్రెంత్ అని 10కి ఒక మార్కు ఉంటుంది. 6 కన్నా తక్కువ ఉంటే ఆ స్కాన్‌ను లెక్కలోకి తీసుకోవద్దు. స్పెక్ట్రాలిస్‌లో క్యూ అనే అంకె ఉంటుంది, 15కు దిగితే అనుమానించాలి, 20 దాటితే హాయి. వేరే మెషిన్ అయితే ఎంత ఉండాలో టెక్నీషియన్‌ను అడిగి రిపోర్ట్ మీద పెన్నుతో రాసుకోండి. సిగ్నల్ తగ్గితే పొర ఉన్నదానికన్నా పలచగా కొలతకొస్తుంది. శుక్లం ముదురుతున్న కంటిలో ఏటేటా సిగ్నల్ తగ్గుతూ, దాంతో పాటు అంకెలు తగ్గుతూ వస్తే అది గ్లకోమా పెరిగినట్టే కనిపిస్తుంది.

మార్కు బాగున్నా బొమ్మ కూడా చూడండి. నాలుగు తప్పులు కంటికి తేలిగ్గా దొరుకుతాయి. నరం చుట్టూ గీసిన వలయం ఒక పక్కకు జరిగి ఉండడం మొదటిది. వలయం ఎటు దగ్గరైతే అటు మందం ఎక్కువ, ఎటు దూరమైతే అటు తక్కువ వస్తుంది. మ్యాప్‌లో అడ్డంగా నల్ల పట్టీ ఉంటే అది రెప్పపాటు. రక్తనాళాలు ఒకచోట విరిగినట్టు పక్కకు జరిగి ఉంటే స్కాన్ మధ్యలో కన్ను కదిలింది. ఇక నాలుగోది ముఖ్యం: నరం చుట్టూ పొర మందాన్ని చూపే టీఎస్‌ఎన్‌ఐటీ అనే గ్రాఫ్‌లో గీత ఉన్నట్టుండి సున్నాకు పడిపోయి మళ్లీ లేస్తే, అక్కడ మెషిన్ పొరను గుర్తించలేకపోయింది. జబ్బు ఎంత ముదిరినా ఆ పొర సున్నాకు రాదు.

ఇలాంటివి కనిపిస్తే సెంటర్ వదిలి రాకముందే "ఇంకోసారి తీస్తారా" అని మర్యాదగా అడగండి. మంచి సెంటర్‌లో ఎవరూ విసుక్కోరు.

ఓడీ అంటే కుడి కన్ను, ఓఎస్ అంటే ఎడమ. ఈ రెండూ తారుమారు చేసుకుని కంగారు పడేవాళ్లను చూస్తూనే ఉంటాం.

5. నోట్‌బుక్‌లోకి ఎక్కించండి

ఒక్కో కంటికి ఒక్కో పేజీ. ప్రతి స్కాన్‌కూ ఒక వరుస: తేదీ, సిగ్నల్, సగటు మందం, పై భాగం, కింది భాగం, ఆ రోజు ప్రెషర్, వాడుతున్న చుక్కలు. రిపోర్ట్‌లో నాలుగు ముక్కల వలయం ఉంటుంది, అందులో ఎస్ పై భాగం, ఐ కింది భాగం. గ్లకోమా సాధారణంగా ముందు ఈ రెండింటినే కొరుకుతుంది, అందుకే పక్క భాగాలు రాయకపోయినా పర్లేదు. 12 ముక్కల గడియారం బొమ్మ జోలికి పోకండి. ముక్క చిన్నదయ్యేకొద్దీ అంకె అటూ ఇటూ ఊగుతుంది, ఊరికే టెన్షన్.

ఊహించిన అంకెలతో ఒక పేజీ చూద్దాం. 58 ఏళ్ల మనిషి, ఎడమ కన్ను, సిరస్ మెషిన్:

- 2022 జనవరి: సిగ్నల్ 8, సగటు 81, కింది భాగం 98
- 2022 జూలై: సిగ్నల్ 8, సగటు 82, కింది భాగం 97
- 2023 జూలై: సిగ్నల్ 5, సగటు 74, కింది భాగం 86
- 2023 ఆగస్టు, మళ్లీ తీసింది: సిగ్నల్ 8, సగటు 80, కింది భాగం 94
- 2024 జూలై: సిగ్నల్ 7, సగటు 79, కింది భాగం 90
- 2025 జూలై: సిగ్నల్ 8, సగటు 77, కింది భాగం 84

2023 జూలై వరుస చూసి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టి ఉండదు. ఒక్క ఏడాదిలో 8 మైక్రాన్లు! నెల తిరక్కుండా మళ్లీ తీస్తే 80. అది సిగ్నల్ చేసిన మాయ. ఆ వరుస మీద అడ్డంగా గీత కొట్టేయండి, కానీ చెరిపేయకండి.

6. బేస్‌లైన్ తేల్చండి

బేస్‌లైన్ అంటే తర్వాతి స్కాన్లన్నిటినీ పోల్చి చూసుకునే మొదటి అంకె. ఒక్క స్కాన్‌ను బేస్‌లైన్ అనుకోవద్దు. కొన్ని నెలల తేడాతో తీసిన రెండు మంచి స్కాన్ల సగటు తీసుకోండి. పై పేజీలో సగటు మందానికి 81.5, కింది భాగానికి 97.5. సిరస్ ప్రోగ్రెషన్ పేజీ కూడా మొదటి రెండు స్కాన్లనే బేస్‌లైన్‌గా పట్టుకుంటుంది. ఆ రెండింటిలో ఒకటి చెడ్డదైతే తర్వాత పోల్చేదంతా తప్పే. అలాంటప్పుడు వేరే స్కాన్‌ను బేస్‌లైన్‌గా ఎంచుకోమని టెక్నీషియన్‌కు చెప్పండి. స్పెక్ట్రాలిస్ అయితే "ఫాలో అప్ మోడ్‌లోనే తీశారా" అని అడగండి. ఆ మోడ్‌లో మెషిన్ పాత స్కాన్ తీసిన చోటే మళ్లీ తీస్తుంది.

శుక్లం ఆపరేషన్ అయితే కొత్త బేస్‌లైన్ పెట్టుకోండి. ఆపరేషన్ తర్వాత వెలుతురు బాగా లోపలికి వెళ్లి పొర మందం పెరిగినట్టు కనిపిస్తుంది. "నరం కోలుకుంది" అని సంబరపడేవాళ్లుంటారు, పాపం. గ్లకోమా ఆపరేషన్ అయినా, మందు గట్టిగా మార్చినా అక్కడి నుంచి కొత్త లెక్కే.

7. తేడా నిజమా, ఊగిసలాటా?

అసలు పని ఇక్కడుంది. ఏమీ మారని కంటిని వారం తేడాతో రెండుసార్లు తీసినా అంకెలు అచ్చం ఒకేలా రావు. సగటు మందంలో 4, 5 మైక్రాన్ల వరకు, పై కింది భాగాల్లో 7, 8 వరకు ఊగడం మెషిన్ సహజం. దానికి లోపల ఉన్న తేడాను పట్టుకుని నిర్ణయాలు చేయొద్దు. వయసుతో పాటు అందరికీ ఏటా సుమారు అర మైక్రాన్ తగ్గుతుంది, దాన్నీ లెక్కలో ఉంచుకోండి.

నిజంగా తగ్గిందని అనుకోవాలంటే మూడు కలవాలి. ఊగిసలాట కన్నా ఎక్కువ తేడా ఉండాలి. వరుసగా రెండు మూడు మంచి స్కాన్లలో అదే కనిపించాలి. ఒకే చోట కనిపించాలి. ఈసారి పై భాగం, వచ్చేసారి పక్క భాగం అంటే అది ఊగిసలాటే.

పై పేజీకి తిరిగి రండి. సగటు 81.5 నుంచి 77కు వచ్చింది, 4.5 తేడా. మెషిన్ ఊగిసలాట హద్దులోనే ఉంది, పైగా ఆ రిపోర్ట్‌లో సగటు పక్కన పచ్చ రంగే ఉండొచ్చు. "పర్లేదు" అని ఫైల్ మూసేయాలనిపిస్తుంది. కింది భాగం చూడండి: 97.5, 94, 90, 84. మొత్తం 13.5 తగ్గింది, ఒక్కసారి కూడా తిరిగి పెరగలేదు. ఈ కన్ను డాక్టర్ దృష్టికి వెళ్లాల్సిందే. సగటు ఒక్కటే చూసేవాళ్లు పొరబడేది సరిగ్గా ఇక్కడే.

సిరస్ ప్రోగ్రెషన్ పేజీలో "పాజిబుల్ లాస్" అని వస్తే ఒకసారి తేడా కనిపించిందని అర్థం. "లైక్లీ లాస్" అంటే తర్వాతి స్కాన్‌లో కూడా అదే నిలబడిందని. మొదటిదానికి మళ్లీ తీయించుకోవాలి, రెండోదానికి డాక్టర్‌తో గట్టిగా మాట్లాడాలి.

రంగుల సంగతి

పచ్చ అంటే మీ వయసు ఆరోగ్యవంతుల మధ్య ఉన్నారని. పసుపు అంటే నూటికి అయిదుగురిలోపే అంత పలచగా ఉంటారని, ఎరుపు అంటే నూటికి ఒక్కరి లోపే అని. అంతే. రంగు మిమ్మల్ని ఇతరులతో పోలుస్తుంది, నిన్నటి మీతో పోల్చదు. అంచున ఉన్న కన్ను ఒక్క మైక్రాన్ తేడాతో పచ్చ నుంచి పసుపుకు దూకుతుంది. పుట్టుకతోనే పొర బాగా మందంగా ఉన్న మనిషి 15 మైక్రాన్లు పోగొట్టుకుని కూడా పచ్చలోనే ఉండగలడు.

మైనస్ 7, మైనస్ 8 అద్దాలు పెట్టుకునే మాదాపూర్ ఐటీ కుర్రాళ్లు ఎరుపు చూసి హడలిపోయి వస్తుంటారు. ఎక్కువ మైనస్ ఉన్న కంటిలో ఆ పోగుల కట్టలు సహజంగానే కాస్త పక్కకు జరిగి ఉంటాయి. మెషిన్ వెతికిన చోట దొరక్క ఎర్ర రంగు వేస్తుంది. అలాగని గ్లకోమా లేదని కాదు, మైనస్ ఎక్కువ ఉన్నవాళ్లకు ముప్పూ కాస్త ఎక్కువే. అలాంటివాళ్లు రంగు వదిలేసి, తమ బేస్‌లైన్‌తో తమ అంకెలనే పోల్చుకోవాలి.

8. ఫీల్డ్ టెస్ట్‌తో, ఫొటోతో సరిచూడండి

ఓసీటీ పోగుల మందం చెబుతుంది, మీకు ఏం కనిపిస్తోందో చెప్పేది ఫీల్డ్ టెస్ట్. రెండూ ఒకే మాట చెబితే నమ్మకం పెరుగుతుంది. కంట్లో బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి ఓసీటీలో కింది భాగం పలచబడితే ఫీల్డ్‌లో పై సగం నల్లబడాలి. మన ఉదాహరణలోని మనిషికి ఫీల్డ్ పై సగంలో ముక్కు వైపు మచ్చ మొదలైతే ఇక అనుమానం అక్కర్లేదు. కింది సగంలో మచ్చ వస్తే మాత్రం లెక్క కుదరలేదు. ఫీల్డ్ మళ్లీ చేయించాలి, అప్పుడూ అలాగే వస్తే గ్లకోమా కాక వేరే కారణం ఉందేమో డాక్టర్ చూడాలి.

ఫీల్డ్ రిపోర్ట్‌లో ఎండీ అనే అంకె రాసుకోండి, మీ వయసువాళ్ల మామూలు చూపు కన్నా సగటున ఎంత తగ్గిందో అది డెసిబెల్స్‌లో చెబుతుంది. సున్నా దగ్గర ఉంటే మామూలు. మైనస్ 6 వరకు తొలిదశ, మైనస్ 6 నుంచి 12 మధ్యస్థం, 12 దాటితే ముదిరినట్టు. మొదటిసారి చేసినప్పుడు చాలామందికి ఫీల్డ్ చెడ్డగా వస్తుంది, ఎందుకంటే ఆ టెస్ట్ అలవాటు కావాలి. మొదటిదాన్ని లెక్కలోంచి తీసేసినా తప్పు లేదు.

సగటు మందం 55 దగ్గరికి వచ్చేసిందంటే ఓసీటీ ఇక పెద్దగా ఉపయోగపడదు. పోగులన్నీ పోయినా రక్తనాళాలు, పోగులు కాని మిగతా కణజాలం మిగిలి ఉంటాయి కాబట్టి 50 చుట్టూ అంకె ఆగిపోతుంది. "మూడేళ్లుగా 53 దగ్గరే స్థిరంగా ఉంది" అని ధైర్యం చెప్పుకోవద్దు. అక్కడి నుంచి ఫీల్డే దిక్కు, అందులోనూ మధ్య చూపును దగ్గరగా పరీక్షించే 10-2 టెస్ట్. మాక్యులా (మధ్య చూపునిచ్చే చోటు) దగ్గర, ఈ పోగులు పుట్టే కణాల పొరను కొలిచే గ్యాంగ్లియన్ సెల్ స్కాన్ కూడా కొంతకాలం అక్కరకొస్తుంది. షుగర్ వల్ల మాక్యులా వాచి ఉంటే ఆ స్కాన్‌నూ నమ్మలేం.

ఏడాదికోసారి నరం ఫొటో ఎందుకంటే, నరం అంచున వచ్చే చిన్న రక్తపు మరక ఓసీటీ మందం మ్యాప్‌లో కనిపించదు. ఫొటోలో గానీ, డాక్టర్ చూసినప్పుడు గానీ దొరుకుతుంది. అది కొన్ని వారాల్లో మాయమవుతుంది, కానీ గ్లకోమా ముందుకు కదులుతోందనడానికి గట్టి సూచన. ఓపీ కాగితంలో "డిస్క్ హెమరేజ్" అని రాసి ఉంటే నోట్‌బుక్‌లో ఎర్ర ఇంకుతో రాసుకోండి.

9. వేగం లెక్క కట్టండి

జబ్బు ముందుముందు ఎలా ఉంటుందన్న అంచనా అంటే వేగమే. ఉదాహరణలో బేస్‌లైన్ మధ్య తేదీ 2022 ఏప్రిల్, చివరి స్కాన్ 2025 జూలై. మూడుంపావు ఏళ్లు. సగటు 4.5 తగ్గింది, ఏడాదికి దాదాపు 1.4 మైక్రాన్లు. వయసుతో తగ్గేదానికి ఇది రెండింతలు దాటింది. కింది భాగం ఏడాదికి 4 పైనే.

చూపు ఎంతకాలం నిలుస్తుందన్న అంచనాకు మాత్రం ఎండీ వేగం మేలు. ఎండీ మైనస్ 4 నుంచి మూడేళ్లలో మైనస్ 5.5కు వచ్చిందనుకోండి, ఏడాదికి అర డెసిబెల్. ఇదే వేగంతో మైనస్ 12 చేరడానికి ఇంకో 13 ఏళ్లు. అదే ఏడాదికి ఒకటిన్నర పడిపోతుంటే నాలుగేళ్ల పైన కాస్త. ఒకే జబ్బు, ఒకే ఎండీ, కానీ మొదటి మనిషికి చుక్కలతో గమనించొచ్చు, రెండో మనిషికి ఆపరేషన్ మాట ఎత్తాల్సి రావచ్చు. 80 ఏళ్ల పెద్దాయనకు మొదటి వేగం పెద్ద చిక్కు కాకపోవచ్చు. 45 ఏళ్ల మనిషికి అదే వేగం చాలా ఎక్కువ.

ఇది జాతకం కాదు. గీత ఎప్పుడూ తిన్నగా సాగదు, రెండు పాయింట్లతో గీసిన గీతకు విలువే లేదు. నాలుగైనా ఉండాలి, రెండేళ్లైనా గడవాలి. పైగా మందు పనిచేస్తే గీత వంగుతుంది. ఎర్లీ మానిఫెస్ట్ గ్లకోమా ట్రయల్ అనే పరిశోధనలో ప్రెషర్ ఒక్క పాయింట్ (1 ఎంఎం హెచ్‌జీ) తగ్గితే జబ్బు ముందుకెళ్లే ముప్పు సుమారు 10 శాతం తగ్గినట్టు తేలింది. వేగం ఎక్కువగా ఉందంటే డాక్టర్‌కు చెప్పే ముందు మిమ్మల్ని మీరు ఒకటి అడగండి: చుక్కలు రోజూ వేస్తున్నామా? ఊరెళ్లినప్పుడు, పెళ్లిళ్లలో, సీసా అయిపోయినప్పుడు మానేసిన రోజులు నోట్‌బుక్‌లో దాచకుండా రాయండి. మెడికల్ షాపులో దురదకని కొన్న చుక్కల్లో స్టెరాయిడ్ ఉందేమో కూడా చూడండి. అవి చాలామందిలో ప్రెషర్ పెంచుతాయి.

10. డాక్టర్‌ను ఏం అడగాలి

నోట్‌బుక్ పేజీ ముందు పెట్టి ఇవి అడగండి. నా టార్గెట్ ప్రెషర్ ఎంత? నా యాంగిల్ (కంట్లో నీరు బయటికి పోయే మూల) ఓపెనా, మూసుకుపోయే రకమా, దాన్ని చూసే గోనియోస్కోపీ పరీక్ష చేశారా? కింది భాగం ఇలా తగ్గుతోంది, ఫీల్డ్‌లో దీనికి జోడీ కనిపిస్తోందా? తర్వాతి స్కాన్ ఎప్పుడు? నిలకడగా ఉన్నవాళ్లకు ఏడాదికోసారి చాలు, కదులుతున్నవాళ్లకు ఆరునెలలకే పిలుస్తారు. కొత్తగా జబ్బు తేలినవాళ్లకు మొదటి రెండేళ్లలో ఫీల్డ్ టెస్టులు ఎక్కువసార్లు చేస్తారు. డబ్బుల కోసమేమో అనుకోకండి, వేగం తెలియాలంటే అవి కావాల్సిందే. ఖర్చు భారమైతే ఆ మాట దాచొద్దు. మెహిదీపట్నంలో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. ఎక్కడికెళ్లినా పాత ఫైల్ వెంట ఉండాలి.

ఈమధ్య ఎక్కువగా అడుగుతున్న ఇంకో ప్రశ్న: "గ్లకోమా పెరుగుతుందని 18 నెలల ముందే చెప్పే స్కాన్ వచ్చిందట, హైదరాబాద్‌లో ఎక్కడ చేస్తారు?" అది డార్క్ అనే పరీక్ష. లండన్ పరిశోధకులు చేతి రక్తనాళంలోకి మెరిసే రంగు ఎక్కించి, రెటీనాలో (కంటి వెనక పొరలో) చనిపోబోతున్న కణాలను తెల్లచుక్కల్లా ఫొటో తీసి, ఏఐతో లెక్కపెట్టారు. 2020లో ఫలితాలు ప్రచురించారు. పరిశోధన ఆశాజనకంగానే ఉంది, కానీ క్లినిక్‌కు వెళ్లి అడిగి చేయించుకునే మామూలు టెస్ట్ కాదు. మామూలు నరం ఫొటో చూసి ఓసీటీ మందం అంచనా కట్టే ఏఐ కూడా ఉంది, 2019లో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు చూపించారు. ఇవి వచ్చేదాకా మీ నోట్‌బుక్‌లో నాలుగేళ్ల శుభ్రమైన స్కాన్లు ఉంటే అంచనాకు చాలా సరుకు ఉన్నట్టే.

ఈ వరుస స్కాన్లతో సంబంధం లేని పరిస్థితి ఒకటుంది. ఉన్నట్టుండి కన్ను ఎర్రబడి, విపరీతమైన నొప్పితో, లైట్ల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తూ, వాంతులు అవుతుంటే గ్యాస్ట్రిక్ అనుకుని మాత్ర వేసుకోకండి. ప్రెషర్ ఒక్కసారిగా పెరిగి ఉండొచ్చు. ఓసీటీ అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ గంటలోనే కంటి ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఫైల్ ఒకసారి సర్దుకున్నాక మీ అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, 40 దాటిన పిల్లలకు ఫోన్ చేయండి. రక్తసంబంధీకులకు ముప్పు ఎక్కువ. 1990ల చివర్లో ఎల్వీ ప్రసాద్ ఐ ఇన్‌స్టిట్యూట్ చేసిన సర్వేలో, హైదరాబాద్‌లో ఓపెన్ యాంగిల్ గ్లకోమా ఉందని తేలినవాళ్లలో పదికి తొమ్మిది మందికి పైగా అప్పటిదాకా ఆ సంగతి తెలియదు. నొప్పి ఉండదు, చూపు మధ్యలో బాగానే కనిపిస్తుంది. వాళ్లకు ప్రెషర్ ఒక్కటే చూపించుకోమని కాక, నరం కూడా చూపించుకోమని చెప్పండి. ప్రెషర్ మామూలుగా ఉన్నా నరం దెబ్బతినే రకం గ్లకోమా ఉంది.